రోగి వాణికి మైకు

కాలికి మేకు గుచ్చుకున్న ఐదో రోజున మా ఆవిడకు ప్రభుత్వ హోదా వచ్చింది. మా ఇంటా వంటా ఎవరికీ లేని హోదా. దాన్ని ఆవిడ నిలబడి అందుకోలేకపోయింది. కాలు సొరకాయంత వాచి, చక్రాల కుర్చీలో పడి ఉంది.

నా పేరు సన్యాసిరావు. ఇరవయ్యారేళ్లుగా మైకుసెట్టు అద్దెకిస్తున్నాను. మా ఆవిడ అప్పలనర్సమ్మ ఆకుకూరల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. ఆవిడ కోటవీధి మొదట్లో "తోటకూరా, గోంగూరా" అని ఒక్క కేక వేస్తే, చివరింటావిడ పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది. ఇంట్లో అంత గొంతు పెట్టుకుని హారన్లు కొనడమెందుకని వీధివాళ్లు నన్ను ఆటపట్టిస్తుంటారు. ఆ గొంతు జ్వరంతో పూర్తిగా పడిపోయింది. మాటాడితే పక్కన చెవి పెట్టి వినాల్సి వస్తోంది. ఆటో ఎక్కించి, మా ఊరి వంద పడకల ఆసుపత్రికి తీసుకుపోయాను.

గేటు మీద కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. "రోగి ఇక రోగి కాదు, భద్రతలో భాగస్వామి" అని రాసి ఉంది. దాని వెనక ఒక కథ ఉంది, చెప్పాలి.

అంతకు ముందు ఏడాది ఇక్కడ ఒకాయనకు ఎడమ గజ్జలో గిలక, అంటే హెర్నియా వాపు ఉంటే, కుడివైపు కోశారు. విచారణ సంఘం మూడు నెలలు కూర్చుని అసలు దోషిని పట్టుకుంది. వాపు ఏ వైపు ఉందో సంపూర్ణంగా ఎరిగిన ఏకైక వ్యక్తి రోగి. శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ ఆయన మౌనం వహించారు. మత్తుమందు ఇచ్చిన మాట వాస్తవమే అయినా, అంతకు ముందు మాట్లాడడానికి ఆయనకు తగినంత వ్యవధి ఉంది. మాట్లాడానని ఆయన అంటున్నారు గానీ, మాట్లాడినట్టు ఏ రిజిస్టరులోనూ లేదు. కనుక ఇకమీదట రోగులందరినీ తమ వైద్యంలో తామే భాగస్వాములను చేస్తే పొరపాట్లు జరగవని సంఘం సిఫారసు చేసింది.

ఆలోచన మంచిదే, నేను కాదనను. రోగిని అడగాలి, రోగి చెప్పింది వినాలి. ఇందులో మొదటి సగాన్ని మా ఆసుపత్రి ఎంతో శ్రద్ధగా అమలు చేసింది.

లోపల అడుగుపెట్టగానే చక్రపాణి గారు ఎదురొచ్చారు. నిన్నటిదాకా జనన మరణాల లెక్కల గదిలో ఉండేవారు. ఇప్పుడు రోగి భాగస్వామ్య నోడల్ అధికారి. మా నర్సమ్మ మెడలో ఒక పసుపుపచ్చ బ్యాడ్జి వేశారు.

"అభినందనలమ్మా. నేటి నుండి తమరు ఈ సంస్థలో సమాన భాగస్వామి. కుడిచేయి చాపి ప్రతిజ్ఞ చేయండి. నా భద్రతకు నేనే బాధ్యురాలిని. నాకు జరుగు ప్రతి పొరపాటును ముందుగా గుర్తించి, సంబంధిత అధికారుల దృష్టికి తెచ్చెదను."

నర్సమ్మ చెయ్యి చాపింది. ప్రతిజ్ఞ ఊసెత్తకుండా, ఉన్న కాస్త గొంతూ కూడదీసుకుని అంది. "బాబూ, నాకు పెన్సిలిన్ సూది పడదు. మూడేళ్ల కిందట ఏస్తే ఒళ్లంతా దద్దుర్లొచ్చేసి ఊపిరాడ్నేదు. సావు తప్పి బతికినాను."

చక్రపాణి గారి ముఖం వెలిగిపోయింది. "అద్భుతం! పథకం ఆశిస్తున్నది సరిగ్గా ఇదే. భాగస్వామి తనంతట తానుగా కీలక సమాచారాన్ని అందించడం! అయితే అది పంతొమ్మిదో ప్రశ్న తల్లీ. మనమింకా రెండులో ఉన్నాం."

రెండో ప్రశ్న ఆవిడ విద్యార్హత. మూడోది ఆసుపత్రి దార్శనికత గురించి ఆవిడ అభిప్రాయం. పన్నెండోది, పథకం గురించి ఎలా తెలుసుకున్నారు, పత్రికల ద్వారానా, మిత్రుల ద్వారానా. పంతొమ్మిదికి వచ్చేసరికి నర్సమ్మ మగతలోకి జారిపోయింది. నేనే చెప్పాను.

"తమరు సహాయకులు. తమరు చెప్పింది వినికిడి మాట అవుతుంది. భాగస్వామి స్వయంగా పలకాలి" అన్నారు చక్రపాణి గారు.

భుజం తట్టి లేపాను. పాపం, మళ్లీ చెప్పింది.

"పడదు అంటే ఏ మేరకమ్మా? స్వల్పంగానా, మధ్యస్థంగానా, తీవ్రంగానా?"

"సచ్చిపోతాను బాబూ."

ఆయన ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "చనిపోవుటకు గడి లేదమ్మా. ఇతరములు అని వేస్తున్నాను. ఇతరములకు మాత్రం ధ్రువపత్రం జతపరచాలి."

"అదెవులిస్తారు బాబూ?" అన్నాను.

"ఈ ఆసుపత్రే ఇస్తుంది. సదరు మందు ఇచ్చి, పడలేదని నిర్ధారించుకున్న మీదట."

"అప్పటికి ఆవిడ ఉండదు గదా?"

"అట్టి సందర్భాల్లో వారసులకు అందజేస్తాం" అన్నారు చక్రపాణి గారు, ఎంతో సౌమ్యంగా.

ఆడవాళ్ల వార్డూ మగవాళ్ల వార్డూ ఒకే హాలు, మధ్యలో ఆకుపచ్చ తెర. అందులో పడకల మీద ఉన్న భాగస్వాములంతా తలమునకలుగా పనిలో ఉన్నారు. ఎవరు దగ్గరికొచ్చినా "తమరు చేతులు కడుక్కున్నారా?" అని అడగడం రోగి మొదటి విధి. పంపులో నీళ్లు రాక పన్నెండు రోజులైంది, మోటారు కాలిపోయింది. అయినా పథకం ఆగలేదు. రోగి అడగాలి, సిబ్బంది "కడుక్కున్నాను భాగస్వామీ" అనాలి, రోగి రిజిస్టరులో టిక్కు పెట్టాలి. ఆ నెల చేతుల శుభ్రత నూటికి నూరు శాతం వచ్చింది.

తెరకు అవతల ఏడో నంబరు మంచం మీద జగ్గప్పడు అనే తాపీమేస్త్రి ఉన్నాడు. కాలికి సిమెంటు కట్టు. రోగులు కింద పడకుండా చూసే బాధ్యత అతనిది. ఎవరు పడకుండా అనుకున్నారు? తానే. మంచానికి కమ్మీ లేదు. రెండో రోజున మంచినీళ్ల సీసా అందుకోబోయి కింద పడ్డాడు. లేవనెత్తడానికి ముగ్గురొచ్చారు, మెమో ఇవ్వడానికి నలుగురొచ్చారు. తన పతనాన్ని ముందుగా పసిగట్టి అధికారుల దృష్టికి తేవడంలో భాగస్వామి ఎందుకు విఫలమయ్యాడో ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలట. పడినప్పుడు దెబ్బ తగిలింది రాసే చేతికే. అంచేత సంజాయిషీ ఆలస్యమైంది, అతన్ని సస్పెండు చేశారు. సస్పెన్షన్లో ఉన్న రోగికి సగం మందులే ఇస్తారని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇదేటి సన్నాసిరావూ," అన్నాడు జగ్గప్పడు తెర పక్కకి తీసి. "నాను గోడలు కట్టుకునేటోణ్ని. నా కాల్ని నేనే సూసుకోవాలంటే ఈల్లందరూ ఎందుకంట?"

సూపరింటెండెంటు డాక్టర్ కృపానిధి గారు రౌండ్సుకి వచ్చారు. "భాగస్వామి ఎలా ఉన్నారు?" అని కాగితాల అట్టను అడిగారు. అట్టకు జ్వరం నూట మూడు ఉంది. కాలు చూశారు. చీము ఎముక దాకా పోకముందే ఇంజక్షన్లు పడాలన్నారు. ఆ మాట నిజమే, అందులో నాకేమీ వంక లేదు. అలా అని రాసింది మాత్రం పెన్సిలిన్. నర్సమ్మ ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే పక్క మంచాన్ని అభినందిస్తున్నారు.

మందు ట్రేతో హెడ్ నర్సు సలోమి సిస్టరు వచ్చింది. యాభై దాటిన మనిషి. మూడు వార్డులకు ఆవిడొక్కతే. భాగస్వాములు వచ్చాక సిబ్బంది అంతగా అక్కర్లేదని మిగతా ఇద్దర్నీ పథకం ప్రచారానికి వేశారు. సూది మందు ఎక్కించబోతుంటే నర్సమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, అది నాకు పడదమ్మా."

సలోమి సిస్టరు చెయ్యి అక్కడే ఆగిపోయింది. వంగి, చెవి దగ్గర పెట్టి, మొత్తం విన్నది. ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు, ఎంతసేపటికి ఊపిరి బిగిసింది, అన్నీ అడిగింది. ఆ ఆసుపత్రిలో మా మాట మొదటిసారి విన్న మనిషి ఆవిడే. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"నా చేత్తో ఇది వెయ్యనమ్మా. పెద్దాయనతో చెప్పి మందు మార్పిస్తాను" అని ట్రే పట్టుకుని వెళ్లింది. ఆవిడ వెనకే నేనూ వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

సూపరింటెండెంటు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సిస్టర్, మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ రోగి తరఫున మీరు మాట్లాడడమంటే రోగి సాధికారతను కించపరచడం. ఆమె గొంతును మీరు లాక్కుంటున్నారు."

"ఆవిడ గొంతు పోయింది సార్. అందుకే నేను చెప్తున్నాను."

"అయితే అభ్యంతర పత్రం నింపమనండి. గురువారం రోగి వాణి కమిటీ ఉంది. అక్కడ స్వేచ్ఛగా మాట్లాడవచ్చు."

"ఈలోగా ఇంకో మందేదైనా ఎయ్యండి బాబూ," అన్నాను ఉండబట్టలేక. "కాలు నల్లబడిపోతన్నాది."

"అది కుదరదయ్యా. అభ్యంతరం పరిశీలనలో ఉండగా మందు మారిస్తే, అభ్యంతరాన్ని మేం ముందే ఆమోదించినట్టవుతుంది. కమిటీ స్వతంత్రతకు భంగం."

వేరే ఆసుపత్రికి తీసుకుపోతానన్నాను. తప్పకుండా తీసుకుపోవచ్చట. భాగస్వామ్యానికి రాజీనామా ఇవ్వాలి, నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు లేకుండానే చక్రాల కుర్చీ తోసుకుని గేటు దాకా వెళ్లాను. వాచ్‌మన్ పసుపు బ్యాడ్జి చూసి సెల్యూట్ కొట్టి వెనక్కి తిప్పాడు.

సలోమి సిస్టరు రెండు రోజులు నెట్టుకొచ్చింది. ఒక రోజు సిరంజీలు లేవని రాసింది. రెండో రోజు రోగి నిద్రలో ఉందని రాసింది. కాలికి కట్లు మార్చి, తడిగుడ్డలతో ఒళ్లు తుడిచి, జ్వరం మాత్రలు వేసింది. కానీ అవి చీముకి చాలవు. వాపు పిక్క దాటి మోకాలికి వచ్చేసింది. ఆ సూది వేస్తే మనిషి పోతుంది, ఏ సూదీ వెయ్యకపోతే కాలు పోతుంది. కాలు లేకపోతే తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది ఎలా? ఆవిడ అదే అడిగింది నన్ను. వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి ఏడ్చాను.

గురువారం వచ్చింది. కమిటీ వాయిదా పడింది. శుక్రవారం నుంచి రోగి వాణి వారోత్సవాలు. రోగుల గొంతు వినడమెలాగో చర్చించే పనిలో ఉన్నందున రోగుల అభ్యంతరాలను వినడానికి కమిటీకి తీరిక దొరకలేదు.

మధ్యాహ్నం చక్రపాణి గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "సన్యాసిరావు గారూ, తమరిది మైకుసెట్టు కదా? ప్రారంభసభకు మన సెట్టే పెడదాం. రోగి కుటుంబానికి కూడా భాగస్వామ్యం కల్పించినట్టుంటుంది. రాజధాని నుండి సంయుక్త సంచాలకులు విచ్చేస్తున్నారు. రోగి వాణి పట్టణమంతా మారుమోగాలి. మేడ మీద నాలుగు హారన్లు బజారు వైపు కట్టండి."

కార్యక్రమం కాగితం నా చేతిలో పెట్టారు. వార్డులోనే సభ. మందు ఇచ్చేముందు భాగస్వామి తన భద్రతను తానే ఎలా సరిచూసుకుంటుందో పత్రికల వారి ఎదుట ప్రత్యక్షంగా చూపిస్తారు. సూపరింటెండెంటు గారు స్వహస్తాలతో ఇంజక్షన్ ఇస్తారు. ప్రదర్శనకు ఎంపికైన భాగస్వామి పేరు అప్పలనర్సమ్మ. రెండు రోజులుగా ఇంజక్షన్ బాకీ ఉన్నది ఆవిడకేనట. పైగా ఆవిడ ఫారమొకటే ముప్ఫై రెండు ప్రశ్నలకూ నిండి ఉందట.

"అది పెన్సిలినే కద బాబూ?" అన్నాను.

"మందు విషయం వైద్యపరమైనది. నేను పరిపాలన" అన్నారాయన.

నర్సమ్మకు మూడు ప్రశ్నలు వల్లె వేయించారు. మీరు చేతులు కడుక్కున్నారా? ఇది నా మందేనా? దీని వల్ల నాకు మేలు కలుగునా? ప్రతిదానికీ సూపరింటెండెంటు గారు అవునంటారు. మూడో జవాబు తర్వాత చప్పట్లు. ఆపైన ఇంజక్షన్, ఆపైన ఉపన్యాసాలు, వందన సమర్పణ. చిట్టచివర, సమయం మిగిలితే, రోగి స్పందన.

వాళ్లు వెళ్లాక నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇదిగో, మైకు మనదే గదా. మూడోది అడిగినాక ఆగను. పడదని మైకులోనే సెప్పేస్తాను. అంతమంది ముందర సెప్తే ఇనకేటి సేస్తారు?"

"సెప్పే," అన్నాను. "నీ మాట బజారు దాకా ఇనిపిస్తాను."

శుక్రవారం పొద్దున్నకల్లా వార్డుకి పూలదండలు కట్టారు. పంపులో నీళ్లు కూడా వచ్చాయి. ట్యాంకరు తెప్పించారు. జగ్గప్పడి సస్పెన్షన్‌ను ఒక పూట ఎత్తేసి, కొత్త దుప్పటి కప్పారు. సంయుక్త సంచాలకులు కుర్చీలో కూర్చున్నారు. కెమెరాల వాళ్లు మంచం చుట్టూ చేరారు. నేను తలుపు పక్క బల్ల మీద ఆంప్లిఫయరు ముందు కూర్చున్నాను. రెండు మైకులు ఉన్నాయి, ఒకటి వేదికకు, ఒకటి నర్సమ్మకు. చక్రపాణి గారి కాగితం నా ఎదుట టేపుతో అంటించి ఉంది. అందులో ఇలా ఉంది: "మూడో జవాబు, చప్పట్లు, రోగి మైకు మూయవలెను."

ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట చెప్పుకోవాలి. మైకువాడికి తన మాటంటూ ఉండకూడదు. ఎవరికి తెరవమంటే వాళ్లకు తెరవాలి, ఎవరిది మూయమంటే వాళ్లది మూయాలి. పెళ్లిపందిట్లో వియ్యంకులు కొట్టుకున్నా, సభలో ఒకాయన ఎదుటి పార్టీని తిట్టినా, నేను కాగితం దాటలేదు. ఇరవయ్యారేళ్లలో నా మీద ఒక్క ఫిర్యాదు లేదు. నా వేళ్లకు బుర్రతో పని లేకుండా ఆ పద్ధతి అలవాటైపోయింది.

"మీరు సేతులు కడుక్కున్నారా?" అంది నర్సమ్మ. గొంతు సన్నగా వచ్చింది. నేను కొంచెం పెంచాను.

"కడుక్కున్నాను భాగస్వామీ!"

"ఇది నా మందేనా?"

"నిస్సందేహంగా మీదే!"

"దీని వల్ల నాకు మేలు కలుగునా?"

"తప్పక కలుగును!"

చప్పట్లు మోగాయి. నర్సమ్మ నోరు తెరిచింది. ఆమె పెదవులు కదలడం చూస్తూనే ఉన్నాను. నా వేలు మాత్రం కాగితంలో ఉన్న పని చేసేసింది. ఆవిడ మైకు నేనే మూసేశాను.

ఆవిడ చెప్తోంది. మైకులో చెప్తున్నాననుకునే చెప్తోంది. ఎవరికీ వినబడడం లేదు. చప్పట్లు కొడుతూనే ఉన్నారు. సంయుక్త సంచాలకులు పక్కనున్న విలేకరితో, "ఎంత ఆత్మవిశ్వాసం చూడండి, ఒక సామాన్య మహిళకు!" అంటున్నారు. సూపరింటెండెంటు గారు పదకొండేళ్ల తర్వాత సూది పట్టారు. కెమెరా వైపు నవ్వి, రెక్క మీద దూది రుద్దుతున్నారు. నర్సమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను బతికున్నంత కాలం మరిచిపోను. నువ్వు కూడానా అన్నట్టు ఉంది.

కాగితం పీకి పారేశాను. వేదిక మైకు చంపేశాను. నర్సమ్మది తెరిచి, వాల్యూం చివరికంటా తిప్పేశాను. హారన్లు ఒక్కసారి కీచుమన్నాయి. చప్పట్లు కొట్టే చేతులు చెవులకు వెళ్లాయి. ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ గొంతు వార్డులో, మేడ మీద, బజారులో ఒకేసారి పలికింది.

"...సెప్తన్నాను గదా బాబూ, నాకు పెన్సిలిన్ పడదు! మూడ్రోజులై సెప్తన్నాను! ఆ సూది ఏస్తే సచ్చిపోతాను! ఇనండి బాబూ, ఎవులైనా ఇనండి!"

బజారు ఆగిపోయిందని తర్వాత చెప్పారు. టీకొట్టువాడు గ్లాసులు వదిలేశాడు. ఆవిడ దగ్గర ఆకుకూరలు కొనే ఆడవాళ్లు గొంతు గుర్తుపట్టి, "ఓలమ్మో, మన నర్సమ్మే!" అంటూ ఆసుపత్రి వైపు పరుగెత్తారట. లోపల మాత్రం సూపరింటెండెంటు గారు సూదిని గాలిలో పట్టుకుని, వెయ్యాలో మానాలో ఏ సర్క్యులర్లో ఉందా అన్నట్టు చక్రపాణి గారి వైపు చూశారు. చక్రపాణి గారు కార్యక్రమం కాగితంలో వెతికారు. అందులో ఇది లేదు.

సలోమి సిస్టరు ముందుకొచ్చింది. "ఇలా ఇవ్వండి సార్" అని ఆయన వేళ్లలోంచి సిరంజి తీసుకుంది. అందరూ చూస్తుండగా చెత్తబకెట్‌లో పడేసింది. పది నిమిషాల్లో వేరే ఇంజక్షన్ వచ్చింది. ఎక్కడి నుంచో కాదు, అదే వార్డులో అద్దాల బీరువాలోంచి. ఇన్నాళ్లూ నర్సమ్మ తల వైపు ఆరడుగుల దూరంలో ఉంది అది.

కాలు దక్కింది. మూడు వారాలకు నర్సమ్మ నేల మీద అడుగు పెట్టింది. ఇంటికి పంపేటప్పుడు మూడు కాగితాలు వచ్చాయి.

ఒకటి మా ఆవిడకు. రోగి స్పందనకు వందన సమర్పణ అనంతరం సమయం కేటాయించి ఉండగా, అంతకు ముందే స్పందించి సభా క్రమానికి భంగం కలిగించినందుకు మందలింపు. రెండోది నాకు. రోగి వాణిని నిర్ణీత పరిధికి మించి వినిపింపజేసినందున నా సెట్టును మూడేళ్లపాటు ప్రభుత్వ కార్యక్రమాలకు వాడరాదు. మూడోది సలోమి సిస్టరుకు. ఉపయోగయోగ్యమైన ఒక మోతాదు ప్రభుత్వ మందును ధ్వంసం చేసినందుకు, కొండ మీద బస్సు కూడా వెళ్లని ఆరోగ్య కేంద్రానికి బదిలీ. ఆవిడ సంచి సర్దుకుంటూ, "పోనీలే అన్నయ్యా, అక్కడ రోగులు తక్కువ. తీరిగ్గా వినొచ్చు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. సంచి మోసుకెళ్లి, కొండ కింది దాకా పోయే బస్సెక్కించాను.

ఇంకో కాగితం రెండు నెలలకు వచ్చింది. భాగస్వామి అప్రమత్తత వల్ల ప్రాణాపాయాన్ని నివారించిన ఆదర్శ ఆసుపత్రిగా మా ఆసుపత్రికి ప్రథమ బహుమతి. అంత పెద్ద పొరపాటు జరగబోయి ఆగింది ఈ ఒక్క ఆసుపత్రిలోనేనట. పొరపాటు జరగబోని ఆసుపత్రులకు ప్రోత్సాహక బహుమతులు కూడా రాలేదు. జిల్లా కేంద్రంలో సభ. భాగస్వామి తప్పక హాజరు కావాలి, రెండు మాటలు మాట్లాడాలి.

పెద్ద హాలు. కొత్త సెట్టు, నాది కాదు. నేను మూడో వరసలో కూర్చున్నాను. వేదిక మీద సంయుక్త సంచాలకులు, కృపానిధి గారు, చక్రపాణి గారు, మధ్యలో పట్టుచీరలో మా ఆవిడ. జ్ఞాపిక ఇచ్చారు, శాలువా కప్పారు. చక్రపాణి గారు ఒక మైకు తెచ్చి భక్తిగా ఆవిడ చేతిలో పెట్టారు.

నేను మైకువాణ్ని. అందరికన్నా ముందు నాకే కనబడింది. ఆ మైకుకు వైరు లేదు. వైరు లేకుండా పలికే రకమూ కాదు. వైరు తగిలించుకునే రంధ్రం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

నర్సమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. హాలంతా చిరునవ్వులతో తలలూపుతోంది. ఒక పక్క నుంచి చప్పట్లు కూడా మొదలయ్యాయి. ఆవిడ ఆగి, నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. చేత్తో వైరు లేదని సైగ చేశాను.

ఆవిడ మైకును ఒకసారి తిప్పి చూసుకుంది. తీసుకెళ్లి సంయుక్త సంచాలకుల ఒళ్లో పెట్టింది. శాలువా మడిచి నెత్తిన పెట్టుకుంది, చుట్టకుదురు లాగా. నడుం మీద చెయ్యి వేసి, కోటవీధి మొదట్లో నిలబడినట్టు నిలబడి, ఊపిరి నింపుకుంది.

"సలోమి సిస్టర్ని కొండ మీదికి తోలేసినారు! నన్ను బతికించినాది ఈల్లు కాదు, ఆయమ్మ! ఆయమ్మని తెచ్చేదాకా ఈ సన్మానం నాకొద్దు!"

కిటికీ అద్దాలు అదిరాయి. బయట రోడ్డు మీద రిక్షావాళ్లు ఆగి లోపలికి తొంగిచూశారు. చప్పట్లు కొట్టమని ఎవరూ చెప్పలేదు గనక హాలు ఒక్క క్షణం ఏం చెయ్యాలో తెలియక కూర్చుంది. సంయుక్త సంచాలకులు ముందు ఒళ్లో ఉన్న మైకు వైపు, తర్వాత చక్రపాణి గారి వైపు చూశారు.

"ఇంత వాల్యూం ఎవరు పెట్టారయ్యా?" అన్నారు.

చక్రపాణి గారు వేదిక మీంచే నన్ను చూశారు. నేను లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి అరచేతులు చూపించాను. వాటిలో ఏ మీటా లేదు.

"ఇంకా సెప్పే నర్సమ్మా," అన్నాను.